గుల్ల సున్నం

తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో డేనిష్‌వాళ్లు కట్టిన కోటను చూడడానికి వెళ్లిన నేను, లోపలి ఆవరణలో ఒక మూల గోనెపట్టాలు కప్పి ఉంచిన సున్నపు తొట్టి దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. మా అమ్మాయి, అల్లుడు, మనవడు అప్పటికే మెట్లెక్కి బురుజు మీదికి వెళ్లారు. పైనుంచి మనవడు నన్ను పిలుస్తున్నాడు గానీ, ఆ గాలికి వాడి కేక సగం దూరంలోనే చెదిరిపోతోంది. గోడకు ఒకచోట గచ్చు ఊడిన మేర మరమ్మతు జరుగుతున్నట్టుంది. పనివాళ్లు మధ్యాహ్నం భోజనానికి వెళ్లారు. ఎవరూ చూడకుండా పట్టా అంచు కొంచెం ఎత్తాను. మురుగుతున్న సున్నం, దాని మీద తేరుకున్న పలుచని నీళ్లు, ఆ నీళ్లలో పులిసిన బెల్లం, కరక్కాయ వగరు, వీటన్నిటి అడుగునుంచి తడి ఆలిచిప్పల నీచు. నలభై ఏళ్లకు పైగా నేను పీల్చని వాసన అది. మా తాత పైపంచె వాసన.

మాది దుర్గరాజపట్నం, వాకాడు మండలం. నేను పుట్టి పెరిగిన రోజుల్లో అది నెల్లూరు జిల్లా. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు మా మండలాన్ని తిరుపతి జిల్లాలో చేర్చారు. అయినా ఏ ఊరని ఎవరైనా అడిగితే నా నోటికి నెల్లూరనే వస్తుంది, దాన్ని మార్చుకునే వయసు దాటిపోయింది. తూర్పున సముద్రం, పడమట బకింగ్‌హాం కాలువ, దక్షిణాన పులికాట్ సరస్సు, ఈ మూడు నీళ్ల నడుమ మిగిలిన ఇసుకే మా నేల. మొగలి పొదలు, తాటిచెట్లు, సరుగుడు తోపులు తప్ప ఆ నేల మీద గాలికి అడ్డం నిలిచేది మరేదీ ఉండేది కాదు.

ఆ గాలిని చూడనివాళ్లకు చెప్పి నమ్మించడం కష్టం. ఎండాకాలంలో పొద్దు వాలుతున్నదనగా దక్షిణం నుంచి లేచి, దీపాలు పెట్టే వేళ దాకా ఇసుకను మోసుకుని ఇళ్లలోకి వచ్చేది. అవ్వ అన్నం కుండ మీద మూకుడు, మూకుడు మీద తడిగుడ్డ, గుడ్డ అంచుల మీద నాలుగు రాళ్లు పెట్టేది. అయినా మొదటి ముద్ద పంటికింద కరకరలాడేది. నేను మొహం చిట్లిస్తే, "కడుపులో కాస్తంత ఇసుకుంటే గాలికి ఎగిరిపోకుండా ఉంటావులేరా అబ్బయా" అని నవ్వేది. రాత్రిళ్లు అరుగు మీద పడుకుంటే సరుగుడు తోపు హోరు, సముద్రం హోరు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏది ఏదో తెలిసేది కాదు. తేడా కనిపెట్టడం తాతే నేర్పాడు. సముద్రం మధ్యమధ్య ఊపిరి తీసుకుంటుందట, సరుగుడు తీసుకోదట. ఆ మాట విన్న రాత్రి నేను నిద్రపోకుండా రెండిటినీ విడదీసి వింటూ పడుకున్నాను. ఇప్పటికీ ఏ సముద్రపు ఒడ్డున పడుకున్నా మొదట ఆ పనే చేస్తాను.

ఆశ్వయుజం వచ్చిందంటే గాలి దిక్కు మారి ఈశాన్యం నుంచి కొట్టేది. పట్టపువాళ్లు తెప్పలను ఒడ్డు మీద ఇంకా పైకి లాక్కునేవారు. సరుగుడు మొక్కలకు దొరువుల్లోనుంచి కడవలతో నీళ్లు ముంచి పోసే పని ఆగిపోయేది. తాత బట్టీ కూడా చల్లారిపోయేది.

మా తాతది గుల్ల సున్నం పని. పులికాట్ సరస్సు అడుగు బురదలో ఎంత పాతకాలపువో చెప్పలేని గుల్లలు పొరలు పొరలుగా ఉంటాయి. వేసవిలో నీరు దిగినప్పుడు యానాదుల కుటుంబాలు, మా వీధి ఆడవాళ్లు నడుములోతు నీళ్లలో నిలబడి వాటిని బుట్టలకు ఎత్తి, అక్కడికక్కడే నీళ్లలో ఆడించి, బురద వదిలాక గట్టున కుప్పలు పోసేవాళ్లు. బుట్ట ఆడేటప్పుడు వచ్చే గలగల శబ్దం కాలువ అవతలి గట్టుకు కూడా వినిపించేది. కుప్పలు పడవల మీద బట్టీ దగ్గరికి చేరేవి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకుంటే గడ, అదీ సాగని చోట ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ పడవను తాడుతో లాగేవాళ్లు. అవే పడవలు మద్రాసుకు సరుగుడు కట్టెలు, ఉప్పు, ఎండుచేపలు మోసేవి. 1876లో మొదలైన కరువు కాలంలో కూలి కోసం వచ్చిన జనం చేత తవ్వించి పూర్తి చేయించిన కాలువ అది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు దానికి పెట్టారు. మా ఊళ్లో మాత్రం అది ఉప్పు కాలువే.

బట్టీ అంటే పెద్ద కట్టడమేమీ కాదు. మనిషి ఎత్తున గుండ్రంగా లేపిన మట్టి గోడ, గోడ అడుగున గాలి దూరడానికి కంతలు. అడుగున సరుగుడు మొద్దులు పేర్చి, వాటి మీద బొగ్గు, బొగ్గు మీద గుల్ల, మళ్లీ బొగ్గు, మళ్లీ గుల్ల, ఇలా నోటి దాకా నింపేవాళ్లు. బట్టీ ముట్టించడానికి తాత పంచాంగం చూసేవాడు కాదు. గుప్పెడు ఇసుక ఎత్తి వేళ్ల సందుల్లోంచి వదిలి, అది ఏటవాలుగా పడే తీరు చూసి, ఏ కంత తెరవాలో, దేన్ని మట్టితో మూయాలో చెప్పేవాడు. గాలి ఎక్కువైతే పైవరుస కాలకముందే బొగ్గు అయిపోతుంది, తక్కువైతే నడుమ గుల్ల పచ్చిగా మిగులుతుంది. ఆ పచ్చి గుల్లను తాత "మొండిది" అనేవాడు. సున్నంలో ఒక్క మొండి గుల్ల కలిసినా, గోడ కట్టిన ఏడాదికో రెండేళ్లకో అది లోపల తడికి ఉబ్బి గచ్చును బయటికి తోస్తుందని ఆయన భయం. సరిగ్గా చెప్పాలంటే పూర్తిగా పచ్చిది ఉబ్బదు, సగం కాలి నీళ్లు తాగకుండా మిగిలిపోయినదే ఉబ్బుతుంది. కానీ ఆయన జల్లెడకు రెండూ ఒకటే, రెండూ అవతలికి పోవలసిందే.

తెల్లవారి బట్టీ విప్పితే గుల్లలు రూపు చెడకుండా, వాటి మీది గీతలు కూడా చెరగకుండా, తెల్లగా మెరుస్తూ ఉండేవి. చేత్తో ఎత్తితే సగం బరువే ఉండేవి. నీళ్లు చిలకరిస్తే బుస్సుమని ఆవిరి కక్కి, పగిలి, పిండిగా రాలిపోయేవి. కాల్చినప్పుడు గుల్లలోంచి బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుందనీ, గోడకెక్కిన సున్నం అదే వాయువును గాలిలోంచి మెల్లమెల్లగా తిరిగి తీసుకుని గట్టిపడుతుందనీ, అంటే ఆరిన గచ్చు చివరికి మళ్లీ గుల్లగానే మారుతుందనీ నాకు చదువుకునే రోజుల్లో తెలిసింది. సెలవులకు వచ్చి ఆ సంగతి గొప్పగా తాతకు చెప్పాను. ఆయన విని, "అందుకే గదరా సున్నానికి గాలి తినిపించాలని మొత్తుకుంటా ఉండేది" అన్నాడు. నా పాఠంలో ఆయనకు కొత్తగా కనిపించింది ఏమీ లేదు.

బట్టీకి పక్కనే గానుగ ఉండేది. గుండ్రని గాడిలో ఇసుక, సున్నం పోసి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, ఎద్దు చేత రాతి చక్రాన్ని తిప్పించేవాళ్లు. చుట్లు లెక్కపెట్టడం నా పని. పది చుట్లకొక గుల్లను ఎడమవైపు నుంచి కుడివైపుకు జరపాలి. నేను ఎన్నోసార్లు ఆటలో పడి ఒకే గుల్లను రెండుసార్లు జరిపి ఉంటాను గానీ, తాత ఆ గుల్లల వైపు చూసేవాడే కాదు. ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, అప్పుడప్పుడు నాలుక కొసకు తాకించి, "ఇంకా పది" అనేవాడు. నన్ను ఒకచోట కూర్చోబెట్టడానికే ఆ లెక్క పెట్టాడని చాలా ఏళ్లకు గాని నాకు తట్టలేదు.

ఇక కోట సంగతి. దుర్గరాజపట్నంలో కోట ఉండేదని మా ఊళ్లో అందరికీ తెలుసు, ఎక్కడ ఉండేదో మాత్రం ఇద్దరి మాట కలిసేది కాదు. మా తాత ఊరికి తూర్పున మొగలి పొదల వైపు చూపించేవాడు. మా మేనమామ కాలువ గట్టు వైపు చూపించేవాడు. ఈ విషయంలో వాళ్లిద్దరికీ ఒక సంక్రాంతి పండుగ పూట మాటామాటా పెరిగి, మామ భోజనం మధ్యలో లేచిపోయాడు. తాత చూపించిన చోట మేము పిల్లలం ఇసుక తవ్వితే, అప్పుడప్పుడు ఇటుక ముక్కలు, వాటిని అంటుకున్న గచ్చు పెళ్లలు దొరికేవి. అవి కోటవో, పడిపోయిన ఎవరి ఇంటివో చెప్పడానికి ఆధారమేమీ లేదు. ఒక పెళ్లను తాత రాతి మీద పెట్టి కొట్టి, విరిగిన అంచులో సగం కరిగిన గుల్ల ముక్కను గోటితో చూపించి, "ఇది మన చెరువు గుల్లే" అన్నాడు. ఆయనకు పులికాట్ సరస్సు ఎప్పుడూ చెరువే.

ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో 1611లో దిగారు. మా ఊరి రేవుకు వచ్చింది 1626లో. అప్పటికే డచ్చివాళ్లు పులికాట్‌లో కోట కట్టుకుని గట్టిగా కూర్చున్నారు. మచిలీపట్నంలో గోల్కొండ అధికారులతో పొసగక, ఇంగ్లీషువాళ్లు ఇక్కడ కొట్టు పెట్టి, దాని చుట్టూ గోడ లేపి, 12 ఫిరంగులు నిలబెట్టారు. 1628 నాటికి అందులో వర్తకులు, సిపాయిలు కలిపి 23 మంది ఉన్నట్టు రాతల్లో ఉంది. ఇండియాలో వాళ్లు ఫిరంగులు పెట్టి కాపాడుకున్న మొదటి స్థావరం ఇదేనని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. తమకు సాయపడిన ఆరుముగం అనే స్థానికుడి పేరును తమ నోటికి తగ్గట్టు తిప్పుకుని ఈ చోటిని ఆర్మగాన్ అన్నారట. ఇక్కడి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి వెళ్లి, దామెర్ల నాయకుల దగ్గర మద్రాసు పట్టణానికి అనుమతి రాయించుకున్నాడు. మరుసటి ఏడాదే సామాను సర్దుకుని అందరూ అక్కడికి తరలిపోయారు. అక్కడ కట్టుకున్నదే సెయింట్ జార్జి కోట. మా మామ దీన్ని ఒక్క ముక్కలో చెప్పేవాడు: "మన కోట ఏడికీ పోలా, మెడ్రాసుకి నడిచిపోయింది." మిగిలింది పేరొక్కటే. అది కూడా మాకు కాక, మా తీరంలోని దీపస్తంభానికీ, సముద్రంలో మునిగి ఉన్న ఇసుకమేటకూ మిగిలింది. కాకతీయుల రేవు మోటుపల్లికైనా ఓడ పగిలి ఒడ్డుకు చేరిన వర్తకుల సొమ్ము ముట్టబోమని గణపతిదేవుడు 1244లో రాయించిన అభయ శాసనం ఉంది. మాకు అలాంటి రాయి కూడా లేదు. 2014 రాష్ట్ర విభజన చట్టంలో మా ఊరికి పెద్ద రేవు కడతామని రాసినప్పుడు, పోయిన కోట ఇంకో రూపంలో తిరిగొస్తుందని మామ రెండేళ్ల పాటు నమ్మాడు.

తరంగంబాడి కథ మాకంటే ఆరేళ్లు ముందు మొదలవుతుంది. ఓవె గ్యెద్దె అనే పాతికేళ్ల డేనిష్ నావికుడు 1620లో తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందం చేసుకుని ఈ కోటకు పునాది వేశాడు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఇచ్చిన నేల మీద, తమిళుల ఊళ్లో, డెన్మార్కువాళ్ల కోట. పేరు డాన్స్‌బోర్గ్. కింది అంతస్తులో సరుకు నిల్వ చేసే గదులు, ఖైదీల కొట్లు; పై అంతస్తులో గవర్నరు గదులు, ప్రార్థన మందిరం ఉండేవి. 225 ఏళ్లు ఉన్నాక, 1845లో ఇండియాలోని తమ స్థావరాలను డేనిష్‌వాళ్లు ఇంగ్లీషువాళ్లకు అమ్మేసి వెళ్లిపోయారు. కోట చాలాకాలం అధికారులు బస చేసే బంగళాగా ఉండి, తరవాత పురావస్తుశాఖ చేతికి వచ్చింది. డెన్మార్కులో ఈ ఊరి మీద మమకారమున్నవాళ్లు ముందుకు రావడంతో, శిథిలమైన భాగాలను ఈ శతాబ్దం మొదట్లో మళ్లీ నిలబెట్టారు. పక్కనే పాండ్యుల కాలపు మాసిలామణి నాథర్ గుడి ముందు భాగం సముద్రంలో కలిసిపోయింది. 2004 డిసెంబరు 26న సునామీ ఈ ఊరి మత్స్యకారుల వాడల్లో ఎందరినో తీసుకుపోయింది. ఆ రెండిటి మధ్య కోట మాత్రం లేత పసుపు రంగు పూసుకుని, నిన్ననే గృహప్రవేశం చేసిన ఇల్లులా ఉంది.

నిజం చెప్పాలంటే ఆ కొత్తదనం మొదట నాకు నచ్చలేదు. కోట అంటే కొంతైనా విరిగి ఉండాలని ఉదయగిరి, చంద్రగిరి చూసిన కళ్లకు అలవాటు. బురుజు మీదికి ఎక్కాక గాలి నా కండువాను లాగేసినప్పుడు, ఆ గాలి మా ఊరి గాలేనని, అదే ఉప్పు, అదే ఇసుక అని తెలిసినప్పుడు, ఒక చిన్న అసూయ కలిగిన మాట కూడా దాచను. ఇదే తీరం, ఇదే సముద్రం, కట్టింది ఆరేళ్ల తేడాలో. వీళ్ల కోట కోసం వేల మైళ్ల అవతలినుంచి మనుషులు డబ్బు పంపించారు. మా కోటను కట్టినవాళ్లు పధ్నాలుగేళ్లకే దాన్ని మరిచిపోయారు. ఇటుకలను మావాళ్లే ఏ పొయ్యిగడ్డకో, ఏ బావి ఒరకో మోసుకుపోయి ఉంటారు. ఆ పని చేసినవాళ్లలో మా వంశంవాళ్లు లేరని ప్రమాణం చేయలేను.

అసలు ఆ సున్నపు తొట్టి దగ్గర నేను అంతసేపు ఆగిపోవడానికి ఇంకో కారణం ఉంది. చదువైన తరవాత నేను ప్రభుత్వ ఉద్యోగంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరాను. కట్టడాల పనులు చూడడం, కొలతలు తీయడం, సిమెంటు బస్తాల లెక్క రాయడం నా ఉద్యోగం. చేరిన కొత్తలో నన్ను ఒక పాత సత్రం మరమ్మతుకు పంపించారు. గోడలు రెండు మూరల మందం, పాత ఇటుక, గుల్ల సున్నపు గచ్చు. అక్కడక్కడ పెళ్లలు ఊడాయి. అంచనాలో సిమెంటు పూత అని రాసి ఉంది. గచ్చు మొత్తం గీకించి, సిమెంటు పూయించి, నున్నగా గీటించి, బిల్లు రాశాను. పని బాగుందని పై అధికారి మెచ్చుకున్నాడు. సెలవుకు ఇంటికి వెళ్లి తాతకు చెప్పాను. ఆయన అప్పటికే మంచం పట్టాడు. "గోడ ముక్కు మూసేసినావా?" అని మాత్రం అడిగాడు. నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు. మూడో వానాకాలానికి ఆ సిమెంటు పూత పలకలు పలకలుగా ఉబ్బి ఊడిపడింది, దాంతోపాటు పాత ఇటుక ముఖం కూడా లేచిపోయింది. కింది నుంచి గోడలోకి ఎక్కిన తడి గచ్చులోంచి బయటికి వెళ్లేది. నేను ఆ దారిని మూసేశాను. అప్పటికి తాత లేడు.

ఆయన చివరి రోజుల్లో ఇంకొకటి జరిగింది. ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించడానికి ఆయన్ను ఎడ్లబండి మీద ఒక కార్యాలయానికి తీసుకెళ్లాం. గుమాస్తా సిరా పూసి బొటనవేలిని కాగితం మీద ఒత్తితే నల్లని మచ్చ పడింది గానీ, గీతలు పడలేదు. రెండోసారి, మూడోసారి, ఎడమ చేయి, అన్నీ ప్రయత్నించారు. యాభై ఏళ్ల సున్నం ఆయన వేళ్ల మీది గీతలన్నిటినీ తినేసింది. గుమాస్తా విసుక్కుని, "వేలు సరిగా పెట్టడం కూడా రాదా?" అన్నాడు. తాత ఏమీ అనకుండా రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టి చూపించాడు. అవి కాల్చిన గుల్లల్లాగే తెల్లగా, నున్నగా ఉన్నాయి.

బట్టీ ఆ తరవాత ఎక్కువ కాలం సాగలేదు. సిమెంటు బస్తా చవకగా ఊళ్లోకి వచ్చింది. కాలువలో పడవలు తగ్గాయి. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపానులో బట్టీ గోడ కూలిపోయింది. మామ దాన్ని మళ్లీ లేపలేదు. గానుగ రాయి మాత్రం చాలాకాలం అక్కడే ఇసుకలో సగం పూడిపోయి ఉండేది, మేకలు దాని మీద ఎక్కి నిలబడేవి.

తరంగంబాడిలో పనివాళ్లు భోజనం ముగించి వచ్చేసరికి నేను ఇంకా తొట్టి దగ్గరే ఉన్నాను. సరిహద్దు జిల్లావాళ్లకు వచ్చేంత తమిళంలో పెద్ద మేస్త్రీని పలకరించాను. ఇందులో గుల్ల సున్నం సగమే, మిగతాది రాతి సున్నం, ఇప్పుడు గుల్ల దొరకడం కష్టమని ఆయన చెప్పాడు. ఎన్నాళ్లు మురగబెడతారు, కరక్కాయ దంచి వేస్తారా, కాయగానే నానబెడతారా అని నేను అడుగుతుంటే, ఆయన నా వైపు అనుమానంగా చూసి, నేను పురావస్తుశాఖ నుంచి తనిఖీకి వచ్చానా అని అడిగాడు. లేదని, మా తాతది ఈ పనేనని చెప్పాను. ఆయన నవ్వి, గంపలో మిగిలిన ముద్దను కాస్త తీసి, బాదం ఆకులో చుట్టి నా చేతిలో పెట్టాడు. కారులో ఆ పొట్లం వాసనకు మా అల్లుడు చెన్నై దాకా అద్దాలు దించే ఉంచాడు.

నాలుగు రోజుల తరవాత ఊరికి వెళ్లాను. మామకు ఇప్పుడు తొంభైకి దగ్గర పడుతున్నాయి. కళ్లు సరిగా ఆనవు. తరంగంబాడి కోట ఎట్లా ఉంటుందో, బురుజులెన్నో, గోడ ఎంత మందమో అన్నీ అడిగి చెప్పించుకున్నాడు. "గచ్చు ఎట్టుండాది?" అని చివరికి అడిగాడు. పొట్లం విప్పి, ఎండి గట్టిపడిన ముక్కను ఆయన అరచేతిలో పెట్టాను. బొటనవేలితో అంచు నలిపి చూసి, ఆ పొడిని నాలుక కొసకు తాకించుకుని, కాసేపు అలాగే కూర్చున్నాడు.

"బెల్లం తక్కువేసినారు," అన్నాడు.